చిత్రకూటానికి రాని మేనమామ

ఆ నిప్పుల గోర్సి కాస్త ఇటు జరపండర్రా, మోకాళ్లు పట్టేస్తున్నాయి. గుంటలు మరీ దగ్గరకి రాకండి, నిప్పులు చిట్లుతాయి.

ఏటన్నావే అమ్మడూ? ఇవాళ నీ సీరియల్లో ఏటీ జరగలేదా? ఒకరి మొహం ఒకరు చూసుకుని ఏడుస్తూనే కూర్చున్నారా? అందుకని వేగం పెంచీసి పది నిమిషాల్లో అవగొట్టీసావా? బాగుంది. ఏటీ జరగని సీరియలు నేనూ చూసానే, ఈ రాయపూర్‌లోనే, మన పాత క్వార్టర్ల దగ్గర. అడివిలో కూర్చుని మాట్లాడుకోడం, ఏడవడం, మళ్లీ మాట్లాడుకోడం. ఒక ఆదివారం అయిపోయి ఇంకో ఆదివారం వచ్చినా అదే. దాని మీద రేగిన తగువు ఇప్పటికీ తెగలేదు.

అసలు ఈ ఊళ్లోకి టీవీ ఎలగ వచ్చిందో మీ నాన్నకే సరిగ్గా తెలీదు. మన మనుషులు ఇక్కడికి రైలు పట్టాల వెంట వచ్చారు. విజయనగరం నుంచి పార్వతీపురం, రాయగడ, టిట్లాగఢ్ మీదుగా రాయపూర్ దాకా లైను 1931లో పూర్తయింది, బెంగాల్ నాగపూర్ రైల్వే వాళ్లు వేసారు. ఆ లైనంట కళాసీలు, ఫిట్టర్లు, వాళ్ల వెనకాల పెళ్లాలు, పచ్చడి జాడీలు. మీ తాతగారిది వ్యాగన్ రిపేర్ షాపు. నేను పార్వతీపురంలో బండెక్కి కొత్తకోడలుగా దిగేనాటికి ఇది మధ్యప్రదేశ్. ఛత్తీస్‌గఢ్ అని విడిపోయింది 2000లో కదా.

టీవీ మాకంటే ముందు పల్లెటూళ్ల వాళ్లు చూసారంటే నమ్ముతారా? 1975 ఆగస్టులో అమెరికా వాళ్ల ఉపగ్రహం ఒకటి, ఏటీఎస్-6 అనీవారు, దాన్ని మన ప్రభుత్వం ఏడాదికి అరువు తెచ్చుకుంది. ఆరు రాష్ట్రాల్లో 2,400 పల్లెలు ఏరి టీవీలు పెట్టారు. అటు మన కర్నూలు, మహబూబ్‌నగర్ వైపు ఊళ్లున్నాయి, ఇటు రాయపూర్ చుట్టుపక్కల ఊళ్లున్నాయి. పెట్టెలు చేసింది హైదరాబాద్‌లో ఈసీఐఎల్ వాళ్లు. కోళ్లగూటికి కొడతారే ఇనపవల, దానితోనే మూడు మీటర్ల గొడుగు కట్టి బడి దగ్గరో పంచాయతీ దగ్గరో ఆకాశంకేసి నిలబెట్టీవారు. షాపులో మీ తాతగారి జట్టు మనిషి ఒకతను సెలవుకి ఊరెళ్లి వచ్చి, సాయంత్రం అయితే ఊరంతా బడి ముందు కూర్చుని ఢిల్లీ బొమ్మలు చూస్తున్నారని చెప్తే, పట్నంలో ఉన్న మేం నోరు తెరుచుకుని విన్నాం. ఏడాది తిరిగింది, గడువైపోయింది, ఉపగ్రహం వెళ్లిపోయింది. 1977లో రాయపూర్‌లోనే ట్రాన్స్‌మిటర్ పెట్టారు. అప్పుడుగానీ మా వంతు రాలేదు.

వంతు వచ్చిందంటే ఇంటింటికీ వచ్చిందని కాదు. మా వరసకంతటికీ ఒకే పెట్టె, వెనక క్వార్టర్లలో ఛార్జ్‌మన్ గారింట్లో. నలుపు తెలుపు. 1984లో 'హమ్ లోగ్' వచ్చినప్పుడే ఆ ఇంటి ముందు గది జనానికి చాలక కిటికీలకి వేలాడీవారు. తాగుబోతు బసేసర్‌రామ్‌ని తిట్టడానికని పని పూర్తిచేసుకుని మరీ వచ్చీవారు ఆడాళ్లు. చివర్లో అశోక్‌కుమార్ వచ్చి నాలుగు ముక్కలు చెప్తే, 'ఈయన సరిగ్గా చెప్పలేదు' అని మేం ఇంకో నాలుగు చెప్పుకునీవాళ్లం. ఆ సీరియలుకి దేశం నలుమూలల నించీ లక్షల ఉత్తరాలు వెళ్లాయట. సరే, అది వేరే కథ.

నేను చెప్పేది రామానంద్ సాగర్ రామాయణం. 1987 జనవరి 25న మొదలైంది, ఆదివారం పొద్దున్న తొమ్మిదిన్నరకి. ముందు 52 భాగాలే అనుకున్నది 78 దాకా సాగింది. ఆ గంటా రోడ్డు మీద రిక్షా దొరికీది కాదు. ఛార్జ్‌మన్ గారి భార్య టీవీకి బొట్టు పెట్టి, దండ వేసి, అగరొత్తి గుచ్చీది. చెప్పులు గుమ్మం బయట గుట్టగా పడుండీవి. ఆ చెప్పుల సంగతి తరవాత చెప్తాను, గుర్తుచేయండి.

ఆ గదిలో మనవాళ్లు సగం, ఇక్కడివాళ్లు సగం. మన మగాళ్లకి మొదట్నించీ ఒక నస. 'లవకుశ'లో రామారావుని చూసిన కళ్లతో ఈ అరుణ్ గోవిల్‌ని ఏం చూస్తామని. మీ తాతగారు ఆ సినిమా 1963లో వచ్చినప్పుడు ఎన్నిసార్లు చూసారో ఆయనకే లెక్క లేదు. 'ఒక పాటలో అయిపోయీదానికి వీడు నెల తీస్తున్నాడు' అని గొణిగీవారు. అయినా పది నిమిషాలు ముందెళ్లి గోడవార చోటు పట్టీసుకునీవారు.

పక్క క్వార్టరు కాకీ ఉండీది కదా, పిల్లలందరికీ కాకీ, అంటే పిన్ని, కాబట్టి పెద్దలకీ కాకీయే అయిపోయింది. ఆవిడ చంద్‌ఖురీ దగ్గర పల్లె పిల్ల. ఆ ఊరు ఇక్కడికి పాతిక కిలోమీటర్ల చిల్లర. అక్కడ చెరువు మధ్యలో కౌసల్యమ్మ గుడి ఉంది, ఒళ్లో పసిరాముడు. ఈ నేల కౌసల్యమ్మ పుట్టిల్లని వీళ్ల నమ్మకం. దక్షిణ కోసలం ఇదేనంటారు. అంటే రాముడు ఇక్కడివాళ్లకి దేవుడవ్వకముందు మేనల్లుడు. వీళ్లలో మేనల్లుడంటే మాటలా! నేను వచ్చిన కొత్తలో కాకీ మొగుడు, ఇంత మీసమున్న మనిషి, ముక్కు కారుతున్న అక్క కొడుకు కాళ్లకి వంగి దండం పెడుతుంటే తెల్లబోయాను. మనలో మేనల్లుడంటే పిల్లనిచ్చి కాళ్లు కడగాలి, అదీ పెళ్లి పీటల మీద. ఇక్కడ పిల్లనివ్వరు, దండం మాత్రం ఎప్పుడూ పెడతారు.

మనకి చూడండి, రాముడు పెళ్లికొడుకు. ఏటేటా నవమికి పందిరి వేసి, వడపప్పు పానకం పంచి, తలంబ్రాలు పోసి పెళ్లి చేస్తాం. సీత మన పిల్ల, ఆయన మన అల్లుడు. ఆ గదిలో ఒకే రాముణ్ణి అల్లుడుగారని సగం మంది, మేనల్లుడని సగం మంది చూసీవారు. బయటకి ఈ తేడా తెలీలేదు చాన్నాళ్లు. కథ నడుస్తున్నంతసేపూ, విల్లు విరిగి, పెళ్లయి, ఊరేగింపులయి, అందరం ఒకలాగే చూసాం. కథ ఆగినప్పుడు బయటపడింది.

అడివికి బయల్దేరిన రోజున కాకీ, 'హమర్ భాంచా జావత్ హే' అని ఒక్క కేక పెట్టింది చూడండి, మా మేనల్లుడు వెళ్లిపోతున్నాడని, ఛార్జ్‌మన్ గారి చంటిపిల్ల జడుసుకుంది. మంథర వేషం వేసిన లలితా పవార్‌ని ఎన్ని తిట్టారో, ఆవిడకి ఆ వారమంతా ఎక్కిళ్లు వచ్చుంటాయి. దశరథుడు పోయినప్పుడు మాత్రం కాకీ కళ్లు తుడుచుకోలేదు. 'మా ఇంటి పిల్లని పక్కన కూర్చోబెట్టి ఇంకోదాని మాట విన్నాడు, పోనీ' అంది. ఆ దశరథుడు బాల్ ధురీ, కౌసల్య జయశ్రీ గడ్కర్ బయట కూడా మొగుడూ పెళ్లాలేనని ఎవరో పేపర్లో చదివి చెప్తే, అందరికీ ఎక్కడలేని ఊరటా కలిగింది.

ఆ తరవాత వచ్చింది చిత్రకూటం. వానాకాలం అప్పటికి, ఊళ్లలో నాట్లు పడుతున్నాయి. భరతుడు వచ్చాడు. సంజయ్ జోగ్ అని మరాఠీ కుర్రాడు, ఆ వేషం అతని కోసమే పుట్టినట్టుండీవాడు. అన్నని చూసాడు, పడ్డాడు, లేచాడు, కావిలించుకున్నాడు. రవీంద్ర జైన్ గొంతు వెనకాల సాగుతూనే ఉంది. నువ్వు రా అంటాడు తమ్ముడు, నేను రానంటాడు అన్న. వసిష్ఠుడు మాట్లాడాడు, తల్లులు ఏడ్చారు. ఆ వారం ముగిసింది. పై వారం మళ్లీ అందరూ అక్కడే. బాణం లేదు, రాక్షసి లేదు, కనీసం ఒక లేడిపిల్ల పరిగెత్తలేదు. మన కుర్రాళ్లు లేచిపోయి బయట గోళీలాడుకున్నారు. మీ తాతగారు గోడకి జారబడి కునుకు తీసారు.

కాకీ వైపువాళ్లు మాత్రం కదిలితే ఒట్టు. ఎందుకో నాకు అప్పుడు తెలీదుగానీ తరవాత వాళ్ల ఊరెళ్లి నవధా రామాయణం చూసాక తెలిసింది. తొమ్మిది రోజులు తులసీదాసు మానస్ పాడతారు, మండలి తరవాత మండలి, హార్మోనియం, ఢోలకు. ఒక చౌపాయి పాడి దానికి గంటసేపు అర్థం చెప్తారు. మధ్యలో ముసలాళ్లు అడ్డుపడి ఇంకో అర్థం చెప్తారు. కాకీ మొగుడిదీ ఒక మండలి. వాళ్లకి కథ ఏమవుతుందన్న తొందర లేదు, పుట్టినప్పట్నించీ తెలిసిందే కదా. ఆగినచోట కూర్చుని ఎవరేం చేసారు, ఎవరు చెయ్యాల్సింది చెయ్యలేదు అని విచారించుకోడమే వాళ్ల పని. నన్నడిగితే చూడ్డమంటే అదీ. కథ పరిగెత్తితే దాని వెనకాల పరిగెడతాం, అంతే. ఆగితే మన ఇంటి సంగతులు పట్టుకుని అందులోకి దూరిపోతాం.

సరిగ్గా అక్కడే జనకమహారాజు వచ్చాడు చిత్రకూటానికి. మా తెలుగు ఆడాళ్లం ఆశ్చర్యపోయాం, వాల్మీకిలో జనకుడు అడివికి రాడు కదా. తులసీదాసులో వస్తాడట. వచ్చాడు, కూతుర్ని నారచీరల్లో చూసాడు. మా వైపు ఒకటే శోకం. ఆడపిల్ల తండ్రి కళ్లబడ్డాక మనవాళ్లకి ఇంక ఆపడం ఉంటుందా, నాతో సహా. కునుకు తీస్తున్న మీ తాతగారు కూడా లేచి కూర్చున్నారు. మీ పెద్దత్తకి అప్పుడు సంబంధాలు చూస్తున్నాంలెండి.

అందరం కళ్లు ఒత్తుకుంటుంటే కాకీ గొంతు ఖంగుమంది. 'తమ్ముడొచ్చాడు, తల్లులొచ్చారు, గురువొచ్చాడు, పిల్లనిచ్చిన మామగారు మిథిల నించి పరిగెత్తుకొచ్చాడు. రాముడి మేనమామ ఏడీ?'

గది నిశ్శబ్దం. నిజమే, ఏడీ?

'మా కోసలం నించి ఒక్కడు రాలేదేం? అక్క మొగుడు పోయాడు, అక్క విధవయ్యింది, మేనల్లుడు అడివిపాలయ్యాడు. పుట్టింటివాళ్లు ఇంత కబురు తెలిసి ఇంట్లో కూర్చుంటారా? తీజాకి ఆడపిల్లని తీసుకెళ్లడానికి అన్నదమ్ములు వస్తారు గానీ, ఇలాటప్పుడు రారా? ఛత్తీస్‌గఢ్ వాళ్లంటే అంత లోకువా?' అంది. ఈ తీజా మీకు తెలుసుగా, భాద్రపదంలో పెళ్లయిన ఆడపిల్లలందరూ పుట్టింటికెళ్లి ఉపవాసం ఉంటారు, ఠేఠ్రీలు, ఖుర్మీలు వండుకుంటారు. పుట్టింటినించి మనిషి రాకపోతే ఆ ఆడదానికి తల కొట్టేసినట్టే. కాకీకి ఆ మధ్య రెండేళ్లు తమ్ముడు రాలేదు. ఆ సంగతి గదిలో అందరికీ తెలుసు, ఒక్కళ్లూ నోరెత్తలేదు.

ఆ ముక్క షాపుకెక్కింది. సోమవారం నాడు వ్యాగన్ల కింద పడుకున్న ఫిట్టర్లు కూడా మేనమామ గురించే మాట్లాడుకున్నారని మీ తాతగారు చెప్పారు. తులసీదాసులో లేడు కాబట్టి సీరియల్లో లేడని ఒకళ్లు. అయోధ్య నించి కబురు చెయ్యలేదు, పిలవని పేరంటానికి ఎలగ వస్తాడని ఇంకొకళ్లు. అప్పటికి కౌసల్యే పెద్దదైపోయింది, అన్నదమ్ములు బతికున్నారో లేదోనని ఒక మనవాడు అంటే, వాడితో కాకీ మొగుడు నెల్లాళ్లు మాట్లాడలేదు. ఆఖరికి కాకీ ఒక గుమస్తా చేత హిందీలో కార్డు రాయించింది, రామానంద్ సాగర్, బొంబాయి అని. జవాబు రాలేదు. ఆయనకి ఎన్ని ఉత్తరాలో!

చెప్పుల సంగతా? ఆఁ, పాదుకలు తలమీద పెట్టుకుని భరతుడు వెనక్కి తిరిగిన రోజున, చూసి బయటికొస్తే మీ తాతగారి కొత్త చెప్పులు లేవు. ఊరంతా వెతికితే మీ నాన్న, అప్పుడు ఇంతవాడు, ఒకటి నెత్తిమీద పెట్టుకుని క్వార్టర్ల చుట్టూ తిరుగుతున్నాడు. రెండోది ఇంకొకడి నెత్తిమీద. అన్నదమ్ముల ప్రేమ ఎంత గొప్పదోనని కళ్లు తుడుచుకుంటూ బయటికొచ్చిన మనిషి, ఆ చెప్పుతోనే వాణ్ణి తరిమారు.

అన్నదమ్ములంటే గుర్తొచ్చింది. మా వరసలో ఇద్దరు సొంత అన్నదమ్ములుండీవారు, శ్రీకాకుళం వైపు వాళ్లు, ఊళ్లో ఎకరంపావు భూమి మీద దావా నడుస్తోంది. ఆదివారం ఒకే జంబుఖానా మీద ఆ చివరొకడు ఈ చివరొకడు. చిత్రకూటం జరుగుతున్నంతసేపూ ఇద్దరూ తువ్వాళ్లు తడుపుకున్నారు. ఇంక కలిసిపోతారని ఆడాళ్లందరం అనుకున్నాం. ఛార్జ్‌మన్ గారి భార్య ఇద్దరికీ ఒకే పళ్లెంలో ప్రసాదం కూడా పెట్టింది. తిన్నారు. మర్నాడు వాయిదాకి ఇద్దరూ ఒకే బండిలో, వేరు వేరు పెట్టెల్లో వెళ్లారు. ఏడుపు ఏడుపే, దావా దావాయే.

మళ్లీ 2020లో లాక్‌డౌన్ పెట్టినప్పుడు దూరదర్శన్ వాళ్లు మార్చి 28 నించి అదే రామాయణం వేసారు, పొద్దున్నొకటి రాత్రొకటి. ఒక రాత్రి ఏడు కోట్ల డెబ్భై లక్షల మంది చూసారని వాళ్లే చాటుకున్నారు. ఈసారి ఎవరింట్లో వాళ్లమే, తలుపులేసుకుని. చిత్రకూటం వచ్చేసరికి మీ తాతగారు లేరు. మీరు ఫోన్లు పట్టుకుని ఆ మూలన కూర్చుని, ఇంత స్లో ఏంటి మామ్మా అని నవ్వుతున్నారు. జనకుడు వచ్చి వెళ్లిన రాత్రి పది దాటాక ఫోను. చూస్తే కాకీ. మొగుడు రిటైరయ్యాక ఊరెళ్లిపోయింది కదా.

'దీదీ, చూసావా?' అంది. 'ఈసారీ రాలేదు.'

'ఎవరే?'

'మామ.'

'అది పాత బొమ్మే కదే, అదే మళ్లీ వేస్తున్నారు. కొత్తగా ఎక్కణ్ణించి వస్తాడు?'

'కార్డు రాసి ముప్పై ఏళ్లు దాటింది,' అంది కాకీ. 'ఇన్నేళ్లలో ఒక్క మనిషిని పెట్టి ఆ నాలుగు మాటలు తీసి కలపలేకపోయారా?'