ప్రవేశ్ నుంచి రాష్ట్రపతి అవార్డు దాకా: స్కౌట్స్, గైడ్స్ మెట్లు ఎట్లా మారాయి, భైంసా తల్లిదండ్రులు ఏం చూసుకోవాలి

బడిలో యూనిఫాం, మెడలో స్కార్ఫ్ వేసుకున్న పిల్లలు జెండా వందనం రోజు కనిపిస్తారు. స్కౌటింగ్ అంటే అంతే అనుకునే కుటుంబాలు చాలా ఉన్నాయి. నిజానికి పరేడ్ అందులో చిన్న భాగమే. అసలు సంగతి మెట్ల పద్ధతి. పిల్లవాడు ఒక్కో పని నేర్చుకుని, చేసి చూపించి, పరీక్షకు నిలబడి పై మెట్టుకు పోతాడు. ఈ మెట్లు గత వందేళ్లలో చాలాసార్లు మారాయి. ఏ మెట్టు ఎప్పుడు ఎక్కాలో తెలియక పదో తరగతికి వచ్చాక 'సర్టిఫికెట్ దొరుకుతదా' అని అడిగితే అప్పటికి ఆలస్యమైపోతుంది.

మొదట్లో ఎట్లా ఉండేది

1907 ఆగస్టులో ఇంగ్లండ్‌లోని బ్రౌన్‌సీ దీవిలో బేడెన్ పావెల్ 20 మంది పిల్లలతో క్యాంపు పెట్టాడు. 1908లో ఆయన రాసిన పుస్తకంతో ఉద్యమం పాకింది. అప్పుడు మెట్లు మూడే: టెండర్‌ఫుట్, సెకండ్ క్లాస్, ఫస్ట్ క్లాస్. 1909లో వాటి పైన కింగ్స్ స్కౌట్ అనే అవార్డు వచ్చింది.

అప్పటి షరతులు చూస్తే ఆ కాలం అవసరాలు అర్థమవుతాయి. సెకండ్ క్లాస్‌కు సేవింగ్స్ బ్యాంకులో కనీసం ఆరు పెన్నీలు, ఫస్ట్ క్లాస్‌కు ఒక షిల్లింగ్ ఉండాలి. జెండాలతోనో మోర్స్ కోడ్‌తోనో కబురు పంపడం రావాలి. యాభై గజాలు ఈదాలి. ఏడు మైళ్లు పోయి, ఏడు మైళ్లు తిరిగి వచ్చి, చూసిందంతా రిపోర్టు రాయాలి. గొడ్డలితో చెట్టు నరకడం కూడా పరీక్షలో ఉండేది. ఒక కొత్త పిల్లవాడికి మొదటి మెట్టు తానే నేర్పించి తీసుకురావాలి.

ఇవాళ చెట్టు నరకమని ఏ స్కౌట్ మాస్టరూ చెప్పడు, నాటమంటాడు. జెండాలతో కబురు పంపే అవసరం కూడా తగ్గింది. కానీ పొదుపు, ఈత, నడక, తనకంటే చిన్నవాడికి నేర్పించడం ఎప్పటికీ పనికొచ్చేవే. కార్యక్రమాన్ని మార్చేటప్పుడు ఏది తీసేయాలి, ఏది ఉంచాలి అన్న ప్రశ్న ప్రతిసారీ ముందుకొస్తుంది.

మన దేశంలో, మన ప్రాంతంలో

భారతదేశంలో 1909లో బెంగళూరులో స్కౌటింగ్ మొదలైంది. అయితే అది యూరోపియన్, ఆంగ్లో ఇండియన్ పిల్లలకే. భారతీయ పిల్లల్ని రానివ్వకపోవడంతో 1917లో అనీబెసెంట్ మద్రాసులో వేరే సంఘం పెట్టారు. ఇట్లా దేశంలో ఒకటికి మించి సంఘాలు నడిచాయి.

స్వాతంత్య్రం వచ్చాక వీటిని ఒక్కటి చేయాలని పట్టుబట్టినవాళ్లలో ప్రధాని నెహ్రూతో పాటు అప్పటి విద్యాశాఖ మంత్రి మౌలానా అబుల్ కలాం ఆజాద్ ఉన్నారు. 1950 నవంబర్ 7న భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ ఏర్పడింది. 1951 ఆగస్టు 15న ఆడపిల్లల గైడ్స్ సంఘం కూడా అందులో కలిసింది. మతం, కులం, భాష చూడకుండా అందరికీ ఒకే సంఘం ఉండాలన్నది ఆ కలయిక వెనకున్న ఉద్దేశం. కొత్త సంఘం మొదటి జాతీయ జంబోరీ 1953లో హైదరాబాద్‌లోనే జరిగింది.

అప్పటికి భైంసా ఆదిలాబాద్ జిల్లాలో లేదు. ముథోల్ తాలూకా హైదరాబాద్ సంస్థానంలోని నాందేడ్ జిల్లాలో ఉండేది. 1956 పునర్విభజనలో ఆదిలాబాద్‌కు వచ్చింది. 2016 అక్టోబర్ 11 నుంచి నిర్మల్ జిల్లాలో ఉంది. ఉర్దూ, తెలుగు, మరాఠీ మూడూ ఒకే గల్లీలో వినిపించే ఊరు కావడానికి ఇదొక కారణం.

ఇప్పటి మెట్లు

కింగ్స్ స్కౌట్ పోయి రాష్ట్రపతి స్కౌట్ వచ్చింది. తర్వాత సెకండ్ క్లాస్, ఫస్ట్ క్లాస్ పేర్లు కూడా పోయి 'సోపాన్' పేర్లు వచ్చాయి. సోపాన్ అంటే మెట్టు.

పదేళ్ల లోపు మగపిల్లలు కబ్స్, ఆడపిల్లలు బుల్‌బుల్స్. కబ్స్‌కు ప్రవేశ్ తర్వాత ప్రథమ, ద్వితీయ, తృతీయ, చతుర్థ చరణ్ అని నాలుగు మెట్లు. బుల్‌బుల్స్‌కు కోమల్, రజత్, స్వర్ణ, హీరక్ పంఖ్. ఇద్దరికీ చివరి అవార్డు గోల్డెన్ యారో. బడికి కొత్తగా వచ్చే మరీ చిన్నవాళ్లకు బన్నీ విభాగం తర్వాత చేర్చారు.

పదేళ్లు నిండాక స్కౌట్స్, గైడ్స్. వీళ్లకు ఆరు మెట్లు.

ప్రవేశ్: ప్రమాణం, నియమాలు, సెల్యూట్, ఎడమచేతి కరచాలనం, జెండా గురించి తెలియడం. రోజుకో మంచి పని చేసి డైరీలో రాసుకోవడం.

ప్రథమ సోపాన్: ముడులు, చిన్న చిన్న దెబ్బలకు ప్రథమ చికిత్స, ఈల సైగలు, ఆరేడుగురు కలిసి పెట్రోల్‌గా పని చేయడం.

ద్వితీయ సోపాన్: దిక్సూచి చూడడం, బయట పొయ్యి పెట్టి వండడం, ఎముక విరిగితే కట్టు కట్టడం, కొన్ని నైపుణ్య బ్యాడ్జీలు.

తృతీయ సోపాన్: మ్యాపు, కట్టెలు తాళ్లతో కట్టడాలు, కాలినడక ప్రయాణం, క్యాంపు. దీని పరీక్ష జిల్లా స్థాయిలో జరుగుతుంది.

రాజ్య పురస్కార్: రాష్ట్ర స్థాయి పరీక్షా శిబిరం. సర్టిఫికెట్ గవర్నర్ పేరు మీద వస్తుంది.

రాష్ట్రపతి అవార్డు: అన్నిటికంటే పైది. జాతీయ సంఘం పరీక్ష, రాష్ట్రపతి పేరుతో సర్టిఫికెట్.

చదువు దాటాక రోవర్స్, రేంజర్స్ విభాగం ఉంటుంది. అక్కడ ప్రవేశ్, ప్రవీణ్, నిపుణ్, రాజ్య పురస్కార్, రాష్ట్రపతి అవార్డు. డిగ్రీ చదివే పిల్లలకు కూడా దారి మూసుకుపోలేదు.

ఎందుకు మారుస్తారు, మార్చితే ఏమవుతుంది

ఈ విషయంలో అమెరికా అనుభవం అందరూ చెప్పుకునేది. అక్కడి బాయ్ స్కౌట్స్ 1972లో కార్యక్రమాన్ని మొత్తం మార్చేసింది. పట్నం పిల్లలకు నచ్చాలని అడవి, క్యాంపు, వంట పనులు తగ్గించింది. క్యాంపింగ్ బ్యాడ్జి లేకుండానే అత్యున్నతమైన ఈగిల్ ర్యాంకు దాకా పోయే వీలు కలిగింది. తర్వాతి ఏళ్లలో సభ్యులు భారీగా తగ్గారు. చివరికి రిటైరైన విలియం హిల్‌కోర్ట్‌ను పిలిపించి కొత్త హ్యాండ్‌బుక్ రాయించుకున్నారు. 1979లో అది వచ్చింది, ఆరుబయటి పనులు మళ్లీ ముందుకొచ్చాయి.

అట్లని మార్పు వద్దని కాదు. బ్రిటన్‌లో 1966 నివేదిక తర్వాత నిక్కర్ల బదులు ప్యాంట్లు వచ్చాయి, సంఘం పేరులోంచి 'బాయ్' అన్న మాట పోయింది. ప్రపంచ స్కౌట్ సంస్థ పర్యావరణం, శాంతి, సుస్థిర అభివృద్ధి లక్ష్యాలను కార్యక్రమాల్లోకి తెచ్చింది. 'మెసెంజర్స్ ఆఫ్ పీస్' కార్యక్రమం 2011లో సౌదీ రాజు అబ్దుల్లా, స్వీడన్ రాజు కార్ల్ గుస్తాఫ్ చేతుల మీదుగా మొదలైంది. ప్రపంచంలో అతి పెద్ద స్కౌట్ సంఘం ఇండోనేషియాలోని ప్రముకా. ముస్లింలు ఎక్కువగా ఉన్న దేశంలో ఇది 1961 నుంచి నడుస్తోంది.

భారత్ స్కౌట్స్‌లో ఇటీవలి పెద్ద మార్పు కాగితాల పనిలో వచ్చింది. యూనిట్, సభ్యుల నమోదు, అవార్డులకు దరఖాస్తు ఓవైఎంఎస్ అనే ఆన్‌లైన్ వ్యవస్థలోకి మారాయి. దీంతో ఆఖర్లో పాత తేదీలు వేసి పని కానిచ్చే పద్ధతికి చోటు తగ్గింది. ఏ మెట్టు ఎప్పుడు దాటారో తేదీలతో సహా కనిపిస్తుంది.

తేదీల లెక్క

ప్రవేశ్‌కు సుమారు మూడు నెలలు పడుతుంది. ఆ తర్వాత ఒక్కో మెట్టు మీద కొన్ని నెలలు పని చేస్తేనే పై మెట్టుకు అర్హత. అన్నీ ఆగకుండా దాటినా మొత్తం దాదాపు నాలుగేళ్లు. ఆరో తరగతిలో చేరినవాళ్లకు పదో తరగతి నాటికి పై మెట్లు అందుతాయి. తొమ్మిదిలో చేరినవాళ్లకు మధ్యలోనే బడి అయిపోతుంది. మధ్యలో బడి మారితే పాత బడి నుంచి లాగ్‌బుక్, సర్టిఫికెట్లు తీసుకోవడం మరిచిపోవద్దు.

సర్టిఫికెట్ ఎక్కడ పనికొస్తుంది

రైల్వేలో స్కౌట్స్ అండ్ గైడ్స్ కోటా ఉంది. దక్షిణ మధ్య రైల్వే కూడా ఈ నోటిఫికేషన్లు ఇస్తుంది. భైంసా పక్కనున్న నాందేడ్ డివిజన్ దాని కిందిదే. రాష్ట్రపతి స్కౌట్, గైడ్, రోవర్, రేంజర్ లేదా హిమాలయన్ వుడ్ బ్యాడ్జ్ ఉన్నవాళ్లే అర్హులు. ఐదేళ్లు చురుగ్గా సభ్యత్వం ఉండాలి. జాతీయ లేదా అఖిల భారత రైల్వే స్థాయిలో రెండు, రాష్ట్ర స్థాయిలో రెండు కార్యక్రమాలకు హాజరై ఉండాలి. పోస్టులు మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టేన్ని. దీన్నే నమ్ముకుని చదువు వదిలేస్తే మోసపోతారు.

చదువుల్లో చూస్తే ఆంధ్రప్రదేశ్ ఆర్‌జీయూకేటీ అడ్మిషన్లలో భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ ప్రత్యేక కేటగిరీ ఉంది. మన దగ్గరున్న బాసర ట్రిపుల్ ఐటీకి, మిగతా కోర్సులకు ఆ ఏటి నోటిఫికేషన్‌లో ఏ మెట్టు సర్టిఫికెట్ అడిగారో చదివి చూసుకోవాలి.

స్కౌట్స్ పేరుతో వేరే సంస్థలు కూడా ఉన్నాయి. ప్రపంచ స్కౌట్ సంస్థలో భారతదేశం తరఫున సభ్యత్వం ఉన్నది భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్‌కు. ఫీజు కట్టే ముందు యూనిట్ ఏ సంస్థదో, ఈ సంవత్సరం నమోదు అయిందో లేదో అడగాలి.

ముస్లిం కుటుంబాలు అడిగే ప్రశ్నలు

ప్రమాణంలో దేవుడి పట్ల, దేశం పట్ల కర్తవ్యం, ఇతరులకు సాయం, స్కౌట్ నియమాల పాటింపు ఉంటాయి. దేవుడు అన్న చోట కావాలంటే ధర్మం అని చెప్పుకునే వీలు కూడా ఉంది. ఎవరి విశ్వాసం ప్రకారం వాళ్లు అర్థం చేసుకుంటారు. క్యాంపుల్లో సర్వధర్మ ప్రార్థన జరుగుతుంది. అందులో ఏం చదువుతారు, తమ పిల్లలు ఎట్లా పాల్గొంటారు అన్నది ముందే మాట్లాడుకుంటే తర్వాత ఇబ్బంది ఉండదు.

గైడ్స్ యూనిట్‌ను నడిపేది మహిళా టీచరే, గైడ్ కెప్టెన్ అంటారు. యూనిఫాంలో సల్వార్ కమీజ్ ఉంది. తల కప్పుకోవడం, రాత్రి బస, క్యాంపుకు వెంట వచ్చే టీచర్లు ఎవరు అన్నవి కెప్టెన్‌ను సూటిగా అడగొచ్చు. నమాజ్ టైము, హలాల్ భోజనం, రంజాన్‌లో పరీక్షా శిబిరం పడితే ఏం చేయాలి అన్నవి కూడా క్యాంపు ఫారం ఇచ్చేటప్పుడే రాసివ్వడం మంచిది.

ఇంకొకటి పేరు. ఆధార్‌లో 'ఎండీ', బడి రికార్డులో 'మొహమ్మద్', స్కౌట్ సర్టిఫికెట్‌లో 'ముహమ్మద్' ఉంటే ఉద్యోగం వెరిఫికేషన్‌లో అదే పెద్ద తలనొప్పి. ప్రవేశ్ నాడే బడి రికార్డు ప్రకారం ఒకే స్పెల్లింగ్ రాయించాలి. తండ్రి పేరు, పుట్టిన తేదీ కూడా అంతే.

భైంసాకు దీనితో ఏం పని

2021 జూలై వానలకు గడ్డెన్న వాగు పొంగి ఊళ్లో లోతట్టు ఇండ్లల్లోకి నీళ్లొచ్చాయి. పత్తి సీజన్‌లో జిన్నింగ్ మిల్లుల దగ్గర నిప్పు భయం, రోడ్ల మీద లారీల రద్దీ ఉంటాయి. తాడు ముడి వేయడం, రక్తం ఆపడం, స్పృహ తప్పినవాడిని పక్కకు తిప్పి పడుకోబెట్టడం తెలిసిన పిల్లలు ప్రతి గల్లీలో నలుగురు ఉంటే అది ఊరికి లాభం. పెద్దలు ఖిద్మత్-ఎ-ఖల్క్ అనేది ఇదే.

ఈ ఊరు 2008, 2020, 2021లో గొడవలు చూసింది. అట్లాంటి చోట ఉర్దూ మీడియం, తెలుగు మీడియం, మరాఠీ ఇండ్ల పిల్లలు ఒకే పెట్రోల్‌లో పొయ్యి పెట్టుకుని వండుకోవడం చిన్న సంగతి కాదు. స్కౌట్ అందరికీ మిత్రుడై ఉండాలన్నది నియమాల్లో ఒకటి. అయితే పెట్రోల్‌ను అన్ని గల్లీల పిల్లలతో కలిపి వేస్తేనే ఆ నియమం పనిచేస్తుంది. పెట్రోల్స్ విభజించేటప్పుడు స్కౌట్ మాస్టర్లు చూసుకోవాల్సింది ఇదే.

బడిలో యూనిట్ లేకపోతే

హెడ్‌మాస్టర్ ఒప్పుకుని, ఒక టీచర్ బేసిక్ కోర్సు శిక్షణ తీసుకుంటే యూనిట్ పెట్టొచ్చు. నమోదు జిల్లా సంఘం ద్వారా జరుగుతుంది, ఏటా రెన్యువల్ చేయించాలి. ప్రైవేటు బడి, గురుకులం, మదర్సాతో పాటు నడిచే స్కూలు ఏదైనా అడగొచ్చు. తల్లిదండ్రుల కమిటీ మీటింగులో ఈ మాట పెట్టడానికి జూన్ నెల మంచిది, విద్యా సంవత్సరం మొదట్లోనే నమోదు అయితే పిల్లలకు ఒక ఏడాది కలిసొస్తుంది.

పిల్లలు ఇప్పటికే యూనిట్‌లో ఉంటే ఈ వారమే లాగ్‌బుక్ తెరిచి మూడు చూడండి: ఆఖరుగా దాటిన మెట్టు ఏది, దాని తేదీ ఉందా, స్కౌట్ మాస్టర్ లేదా కెప్టెన్ సంతకం ఉందా. ఏదైనా లేకపోతే ఆ టీచర్ బదిలీ కాకముందే రాయించుకోవాలి.