రాని అల
2004 డిసెంబరు 26 ఉదయం అండమాన్ నికోబార్ దీవులను సునామీ ముంచెత్తేముందు ప్రభుత్వం నుంచి హెచ్చరిక ఏదీ రాలేదు. కార్ నికోబార్ వైమానిక స్థావరమే తీవ్రంగా దెబ్బతింది. 30న కేంద్ర హోంశాఖ మాత్రం మరో సునామీ రావచ్చని దీవులను, దక్షిణాది తీర రాష్ట్రాలను అప్రమత్తం చేసింది. ఆధారం? అమెరికాలోని ఒక ప్రైవేటు సంస్థ అంచనా! జనం తీరం వదిలి పరుగులు తీశారు. అదే రోజు శాస్త్ర సాంకేతిక మంత్రి కపిల్ సిబల్ ఆ అంచనాను కొట్టిపారేశారు. అల రాలేదు.

పరుగెత్తినవారిని మూఢులనడం అన్యాయం. నిజమైన విపత్తు చెప్పకుండా వచ్చింది, వట్టి వదంతి ప్రభుత్వ ముద్రతో వచ్చింది. పైగా కాళ్లకింద నేల ఇంకా కంపిస్తూనే ఉంది. అప్పుడు నమ్మకపోవడమే సాహసం. ఢిల్లీకైనా అడిగి తేల్చుకునేందుకు సొంత సునామీ హెచ్చరిక కేంద్రం లేదు. హైదరాబాదులోని ఇన్‌కాయిస్‌లో అది 2007లో మొదలైంది. 2012 ఏప్రిల్ 11న సుమత్రా వద్ద 8.6 తీవ్రతతో భూకంపం రాగానే ఆ కేంద్రం దీవులను హెచ్చరించింది. ముప్పు లేదని తేలాక, గంటల్లోనే ఉపసంహరించుకుంది.