సురభి రంగస్థలమున హార్మోనియము

కడప మండలమందలి సురభి యను కుగ్రామమున 1885లో వనారస గోవిందరావుగారు ‘కీచకవధ’ నాటకమును ప్రదర్శించినది మొదలు, అంతకుముందు తోలుబొమ్మలాటతో జీవించుచుండిన ఆ కుటుంబములు ఊరిపేరునే యింటిపేరువలె ధరించి తెలుగుదేశమెల్ల సంచరించినవి. కాలక్రమమున పరదాలు, కిరీటములతోపాటు హార్మోనియమును వారి బండి యెక్కినది.

1842లో పారిస్ నగరమున హక్కుపత్రము పొందిన యీ పాశ్చాత్యవాద్యమును మనవారు నేలపై కూర్చుండి ఒకచేత తిత్తి నూపుచు వాయించునట్లు మలచుకొనిరి. నాటకశాలలలో మాత్రము రెండుచేతులకును స్వేచ్ఛ నొసగు కాలిహార్మోనియము చిరకాలము నిలిచెను. రంగమున కెదుట కూర్చుండి శ్రుతినిచ్చి, నటుడు పద్యమెత్తుకొనగనే రాగచ్ఛాయను గ్రహించి, పాదాంతమున నతడు ఊపిరి తీసికొనునంతలో ఆ స్వరసంచారమును తాను కొనసాగించి, తబలా వాయించువానికి కనుసన్నచేసి, సభ ‘వన్స్‌మోర్’ అని కేకవేసిన తక్షణమే మరల పద్యారంభమునకు మరలువాడు హార్మోనిస్టు. ప్రదర్శనకు నిజమైన నాయకుడతడే యని నా నిశ్చయము.

గమకములు పలుకజాలదన్న ఆక్షేపముతో ఆలిండియా రేడియో 1940లో హార్మోనియమును బహిష్కరించి మూడు దశాబ్దములు దూరముంచినది. ఆక్షేపమున సత్యము లేకపోలేదు; మెట్టునకు మెట్టునకు నడుమ నాదము జారదు. అయినను ధ్వనివర్ధకములు లేని ఆ కాలమున, పల్లెజనుల కోలాహలము నడుమ, తెల్లవారుదాక పద్యము పాడవలసిన గాత్రమునకు ఊతగా నిలువగల వాద్యము వేరేది? ఇట్లు రంగస్థలమున పద్యము పాడినవారు వెండితెరకును చేరిరి; తొలి తెలుగు మాటలచిత్రమైన 1932 నాటి ‘భక్త ప్రహ్లాద’లో లీలావతి పాత్రను ధరించిన సురభి కమలాబాయి ఇట్టి నాటకసమాజమునుండి వచ్చిన నటియే.