లెక్కలోకి రాని ఒడి

విమానయాన చరిత్ర రాసిన పుస్తకాల్లో రైట్ సోదరులుంటారు, యుద్ధాలుంటాయి, జెట్ ఇంజన్లుంటాయి. అదే విమానంలో పసిబిడ్డ ఎక్కడ కూర్చుంది అన్న ప్రశ్న మాత్రం ఉండదు. జవాబు అందరికీ తెలిసిందే కదా, అమ్మ ఒళ్ళో! రెండేళ్ళు నిండని బిడ్డకు అంతర్జాతీయ ప్రయాణంలో పాస్‌పోర్టు ఉంటుంది, తన పేరుతో టికెట్ ఉంటుంది. మామూలుగా పెద్దవాళ్ళ చార్జీలో పదోవంతు వసూలు చేస్తారు కూడా. సీటు మాత్రం ఇవ్వరు. ఆ సీటు అమ్మ శరీరమే. మన సాహిత్యంలో ఒడిని పొగడని కవి అరుదు. ఆ పొగడ్త చాటున ఒడి ఎవరికి ఎంత ఆదా చేసిపెడుతోందో మనం అడగలేదు.

ముందు కారు సీటు సంగతి చూద్దాం. పిల్లల కోసం కార్లలో తొలిరోజుల్లో పెట్టిన సీట్లు రక్షణ కోసం కాదు. బిడ్డ కదలకుండా ఉండాలని, కిటికీలోంచి బయటికి చూడాలని. ప్రమాదంలో బిడ్డను కాపాడడానికంటూ సీటు తయారైంది 1962లో. ఇంగ్లండులో జీన్ ఏమ్స్ అనే ఆమె, అమెరికాలో లెనార్డ్ రివ్‌కిన్ దాదాపు ఒకే కాలంలో ఆ పని చేశారు. 1978లో టెన్నెసీ రాష్ట్రంలో, పిల్లల్ని కారులో సీటులోనే కట్టి కూర్చోబెట్టాలన్న మొదటి చట్టం అమల్లోకి వచ్చింది. రాబర్ట్ శాండర్స్ అనే పిల్లల డాక్టరు, ఆయన భార్య పాట్ దానికోసం ఎంతో తిరిగారు. అయితే శాసనసభ్యులు అందులో ఒక మినహాయింపు చొప్పించారు. పెద్దవాళ్ళ చేతుల్లో ఉన్న పసిబిడ్డకు సీటు అక్కర్లేదట! ప్రమాదంలో ఆ పెద్దవాళ్ళ బరువు కిందే బిడ్డ నలిగిపోతుందని శాండర్స్ పోరాడితే 1981లో ఆ మినహాయింపు పోయింది. 1985 నాటికి అమెరికాలోని అన్ని రాష్ట్రాల్లోనూ ఇలాంటి చట్టాలొచ్చాయి. మన దేశంలో 2019 మోటారు వాహనాల సవరణ చట్టంలో పిల్లల సీటు మాట చేరింది.

రోడ్డు మీద 1981లో పోయిన మినహాయింపు ఆకాశంలో ఇంకా పోలేదు.

కొత్త విమానాల సీట్లు గురుత్వాకర్షణకు 16 రెట్ల తాకిడిని తట్టుకోవాలని అమెరికా 1988లో నియమం పెట్టింది. ఆ తాకిడిలో పది కిలోల బిడ్డ 160 కిలోలతో సమానం, అంటే రెండు వడ్లబస్తాల బరువు. కుర్చీకి పరీక్ష ఉంది. అమ్మ చేతులకు ఏ పరీక్షా లేదు, తట్టుకుంటాయని అందరి నమ్మకం! మరుసటి ఏడాది, 1989 జులై 19న, యునైటెడ్ 232 విమానం సూ సిటీలో కూలింది. అందులో 296 మంది ఉన్నారు. నలుగురు బిడ్డలు ఒడిలో ప్రయాణిస్తున్నారు. అప్పటి పద్ధతి ప్రకారం వాళ్ళను నేలమీద పెట్టి పట్టుకోమని సిబ్బంది పెద్ద జాన్ బ్రౌన్ తల్లిదండ్రులకు చెప్పింది. ఒక బిడ్డ బతకలేదు. విమానంలోంచి ప్రాణాలతో బయటపడ్డ ఆ తల్లికి ఎదురుపడిన జాన్ బ్రౌన్, ఆ తర్వాత దశాబ్దాల పాటు ప్రతి బిడ్డకూ సీటు ఉండాలని వాదిస్తూనే వచ్చింది.

1990లో అక్కడి ప్రమాదాల దర్యాప్తు బోర్డు కూడా అదే సిఫారసు చేసింది. 1992లో విమానయాన శాఖ సగం ఒప్పుకుంది. బిడ్డకు టికెట్ కొని, ఆమోదం పొందిన కారు సీటు తెచ్చుకుంటే విమాన సంస్థ కాదనకూడదు. 2005లో మాత్రం, తప్పనిసరి చెయ్యలేమని తేల్చేసింది. అది చెప్పిన కారణం ఇదీ: సీటు కొనాల్సివస్తే కుటుంబాలు విమానం మానేసి కార్లో వెళ్తాయి, రోడ్డు మీద ఇంకా ఎక్కువమంది చనిపోతారు.

దేశం లోపలి ప్రయాణాలకు ఈ వాదనలో తర్కం ఉంది. విమాన ప్రమాదాలు అరుదే, రోడ్డే ప్రమాదకరం. కానీ కడప నుంచి అమెరికాకు కార్లో వెళ్ళేదెవరు? సముద్రం దాటే ప్రయాణానికి ఆ వాదన ఎలా వర్తిస్తుంది? అక్కడ మిగిలేది ఒక్కటే, సీటు డబ్బు ఎవరు పెట్టాలన్న పేచీ. ఒడి ఉచితంగా దొరుకుతున్నంతకాలం ఆ పేచీ తెగదు.

మా తుమ్మలపల్లెలో డబ్బును 'లెక్క' అంటారు. యురేనియం గని వచ్చాక ఊరి పేరు పేపర్లకెక్కింది గానీ, ఊళ్ళో ఆడవాళ్ళ బతుకు ఎక్కువగా వేరుశెనగ చేలల్లోనే గడిచింది. నా కూతురు పదకొండు నెలల బిడ్డతో అమెరికా తిరుగు ప్రయాణమైనప్పుడు నేనూ వెంట వెళ్ళాను. బిడ్డకు వేరే టికెట్ కొన్నామని తెలిసి మా పెద్దమ్మ, "ఒళ్ళో పెట్టుకోని పోతే సరిపోదా అమ్మే? అంత లెక్క యాడిది మీకు?" అంది.

విమానాశ్రయంలోనూ అదే ధోరణి. సీటును సామాన్లలో వెయ్యమన్నారు. విమానంలో వాడొచ్చని ఎర్ర అక్షరాల్లో ఉన్న చీటీని, బిడ్డ టికెట్‌నూ నా కూతురు ఓపిగ్గా చూపించింది. చివరికి కిటికీ పక్కన సీటు బిగించాం. ఎవరి దారికీ అడ్డం రాకూడదు గనక దాన్ని అక్కడే పెట్టాలి. బిడ్డ తన కారులో అలవాటైన సీటే కావడంతో నిద్రపోయింది. నా కూతురు రెండు చేతులతో అన్నం తినింది. పసిబిడ్డతో దూరప్రయాణం చేసిన ఏ ఆడమనిషికైనా ఆ మాట విలువ తెలుస్తుంది. సీటు ప్రమాదంలో బిడ్డను కాపాడుతుంది, ప్రమాదం లేని ఇరవై గంటలూ తల్లిని కాపాడుతుంది.

పెద్దమ్మ మాటను నేను తేలిగ్గా తీసుకోను. ఆమె ఐదుగురిని పెంచింది. కలుపు తీసేటప్పుడు బిడ్డను ఒళ్ళో పెట్టుకోలేదు, వేపచెట్టుకు చీర ఉయ్యాల కట్టింది. పనిచేసే ఒంటికి ఒడి ఖాళీగా ఉండదని, బిడ్డకు వేరే చోటు కావాలని ఆమెకు ఏ చట్టమూ చెప్పనక్కర్లేకపోయింది.

అయితే, ఈ సీటు ఎవరికి అందుతోంది? రెండు జీతాల ఇంటికి అందుతుంది. కూతుళ్ళ పురుళ్ళకు ఆరునెలల వీసా మీద వెళ్ళి, తిరుగు ప్రయాణంలో మనవల్ని ఒళ్ళో పెట్టుకొచ్చే అవ్వలకు, జేజిలకు అందదు. మోకాళ్ళ నొప్పులతో వాళ్ళు మోసిన ఆ గంటల్ని ఎవరూ రాయలేదు. మా జిల్లా నుంచే కువైట్‌కు ఇంటిపనికి వెళ్ళే స్త్రీలది ఇంకో కథ. ఇసిఆర్ పాస్‌పోర్టు ఉన్న స్త్రీ గల్ఫుకు ఇంటిపనికి వెళ్ళాలంటే 30 ఏళ్ళు నిండాలని ప్రభుత్వం నియమం పెట్టింది. మన పల్లెల్లో ముప్పై ఏళ్ళ స్త్రీ అంటే సాధారణంగా పిల్లల తల్లే. ఆమె ఒడి ఖాళీగా విమానమెక్కుతుంది, అక్కడ ఇంకొకరి బిడ్డతో నిండుతుంది. ఆమె బిడ్డ ఇక్కడ అవ్వ ఒళ్ళో. ఒకామెకు సీటు లేదు, ఇంకొకామెకు బిడ్డే వెంట లేదు. రెండు చోట్లా స్త్రీ చాకిరి చవగ్గా దొరుకుతుందన్న ధీమా ఒక్కటే.

ఒడిని లెక్కగట్టడం అసాధ్యమేమీ కాదు. 2005 ఉపాధి హామీ చట్టంలో, పనిచోట ఆరేళ్ళలోపు పిల్లలు ఐదుగురో అంతకంటే ఎక్కువమందో ఉంటే, వాళ్ళను చూసుకోవడానికి ఒక స్త్రీని పెట్టి ఆమెకు కూలి ఇవ్వాలని రాశారు. ఆ పథకం 2006 ఫిబ్రవరి 2న మొదలైంది మన సీమలోనే, అనంతపురం జిల్లా బండ్లపల్లిలో. అమలులో ఎన్ని లోపాలున్నా, బిడ్డను పట్టుకుని కూర్చోవడం కూలి ఇవ్వాల్సిన పని అని చట్టం ఒప్పుకుంది. మట్టి తవ్వేచోట ఒప్పుకున్న సంగతిని విమానంలో ఒప్పుకోవడానికి అడ్డేమిటి? పదోవంతు చార్జీ తీసుకుంటున్న సంస్థలు, సముద్రం దాటే ప్రయాణాల్లోనైనా బిడ్డకు తక్కువ ధరకు సీటు ఇవ్వాలి. దానికి తగిన పిల్లల సీటునూ తామే సమకూర్చాలి. కారు సీటును భుజాన మోసుకెళ్ళే ఓపిక, కొనే లెక్క ఉన్న తల్లుల బిడ్డలకే రక్షణ పరిమితం కాకూడదు.