లాపోర్త్: ‘తలుపు’ నుండి పుట్టిన ఇంటిపేరు

లాపోర్త్ అనునది ఫ్రెంచి ఇంటిపేరు. ఆ భాషలో ‘పోర్త్’ అనగా తలుపు, ద్వారము. కోట గుమ్మము చెంత నివసించిన వారికి, గుమ్మము కాచిన వారికి ఫ్రాన్సులో ఈ పేరు ఏర్పడినది. అక్కడ ఇది సాధారణమైన పేరే. భారతదేశములో మాత్రము మిక్కిలి అరుదు. అర్థమును బట్టి చూచినచో, వాయులీన విద్వాంసులు ద్వారం వెంకటస్వామి నాయుడు (1893–1964) గారి ఇంటిపేరు దీనికి జంట.

1881 ఉత్తర్వు

పుదుచ్చేరి, కారైకాల్, యానాం, మాహే, చంద్రనగర్ అప్పుడు ఫ్రెంచివారి ఏలుబడిలో ఉండెను. 1881 సెప్టెంబరు 21 నాటి ఉత్తర్వు ప్రకారము, 21 ఏండ్లు నిండిన స్త్రీపురుషులు ఏ కులమతముల వారైనను తమ ఆచార న్యాయమును విడిచి ఫ్రెంచి పౌర చట్టము క్రిందికి రావచ్చును. వివాహము, వారసత్వము ఆ చట్టము ప్రకారమే జరుగును. భార్యకు, మైనరు పిల్లలకు కూడ అది వర్తించును. ఒకసారి అంగీకరించిన పిదప వెనుకకు మరలు వీలు లేదు.

అట్టివారు ఒక ఇంటిపేరును ప్రకటించుట తప్పనిసరి. తెలుగువారికి ఇంటిపేర్లు తరతరాలుగా కలవు. తమిళులు సాధారణముగా తండ్రి పేరునే చేర్చుకొందురు గనుక వారు కొత్త పేరు వెదకుకొనవలసి వచ్చెను.

పొన్నుతంబి పిళ్ళై

పుదుచ్చేరి న్యాయవాది పొన్నుతంబి పిళ్ళై 1873లో యూరోపియనుల వలె బూట్లు ధరించి న్యాయస్థానమునకు వెళ్ళగా శిక్షకు గురి అయ్యెను. పారిస్ ఉన్నత న్యాయస్థానము వరకు పోయి గెలిచెను. 1881 ఉత్తర్వు పిమ్మట ఆయన స్వీకరించిన పేరే లాపోర్త్. తనవారికి సమానత్వపు తలుపు తెరచితినని దాని భావము.

అరుదగుటకు కారణములు

ఈ మార్గమును ఎంచుకొన్నవారు ఎక్కువగా పుదుచ్చేరి, కారైకాల్ వారే. వారిలో పలువురు ఉద్యోగములకై సైగాను మొదలగు ఫ్రెంచి వలసలకు, అటుపై ఫ్రాన్సుకు తరలిరి. విలీన ఒప్పందము 1962 ఆగస్టు 16న అమలులోనికి వచ్చినపుడు, స్థానికులకు ఫ్రెంచి పౌరసత్వము కోరుటకు 6 నెలల గడువు లభించెను. యానాంలో నేటికిని తెలుగు ఇంటిపేర్లే ఎక్కువ.

ఇట్టి పేరు గల కుటుంబములు రెండు సంగతులు గమనింపవలెను. ఫ్రెంచి రాతలో పేరు చివరి అక్షరము పలుకబడదు. కావున తమిళ, తెలుగు, ఇంగ్లీషు పత్రములలో ఒకే పేరు పలు రూపములుగా కనిపించును. పేరు ఎంచుకొను స్వేచ్ఛ ఎవరికి వారిదే గనుక, పేరు కలిసినంత మాత్రమున వంశము ఒకటి కానేరదు.