ఊరేగింపు నేర్పిన బాణీ

ఈమధ్య మా ధారూరు బజారులో ఒక పెళ్లి బరాత్ సాగింది. బ్యాండు మేళంలో ముందు నడిచేవాడు క్లారినెట్టు ఊదుతున్నాడు. అంత రొదలోనూ ఆ వాద్యం వీధి చివరిదాకా వినిపించింది. పక్కనున్న మిత్రుడు, సాహిత్యం చదువుకున్నవాడే, "ఇది సంగీతమా మాస్టారూ, రోడ్డుమీది మోత!" అన్నాడు. వెంటనే నాకు షేక్ చినమౌలానా గుర్తుకొచ్చారు.

ఆయన 1924లో ఒంగోలు దగ్గరి కరవదిలో, తరతరాలుగా నాదస్వరమే జీవనాధారమైన ముస్లిం కుటుంబంలో పుట్టారు. తొలి గురువు తండ్రి కాసిం సాహెబు. తర్వాత చిలకలూరిపేట ఆదం సాహెబు. అంతటితో ఆగక, తంజావూరు బాణీ కోసం నాచ్చియార్‌కోయిల్ రాజం, దురైకణ్ణు సోదరులకు శిష్యుడయ్యారు. 1964లో శ్రీరంగంలో స్థిరపడ్డారు. 1977లో పద్మశ్రీ, 1998లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ వారి సంగీత కళానిధి వచ్చాయి. 1999లో కన్నుమూశారు.

ఆయన వాదనకు ప్రాణం రాగాలాపన. దాన్ని అర్థం చేసుకోవాలంటే ముందు వాద్యాన్ని చూడాలి. క్లారినెట్టుకు ఊదేచోట ఒక్క రెల్లు బద్ద ఉంటుంది, ఒంటినిండా మీటలుంటాయి. నాదస్వరానికి జత బద్దలు, మీటలు లేవు. వేళ్లకు ఏడు రంధ్రాలే. స్వరాల మధ్య సూక్ష్మమైన తేడాలన్నీ పెదవి బిగువుతో, ఊపిరి అదుపుతో, రంధ్రాన్ని సగం మూసే వేలితో సాధించాలి. గమకం పలికించడం ఇక్కడ ఒంటి కష్టం.

ఈ కష్టానికి బడి ఊరేగింపు. స్వామి బయలుదేరేటప్పుడు మల్లారి వాయిస్తారు. ఆపైన నెమ్మదిగా సాగే నడకలో, ఆరుబయట, డోలు పక్కన మోగుతుండగా గంటల తరబడి రాగాన్ని పెంచుకుంటూ పోవాలి. కీర్తనకు హద్దుంది, నడకకు లేదు. అందుకే విస్తారమైన ఆలాపన ఈ వాద్యకారుల సొత్తయింది. సభలు పుట్టకముందే వీధి ఈ శిల్పాన్ని తయారుచేసింది.

ఇది మన దేశానికే పరిమితమైన విషయం కాదు. అమెరికాలోని న్యూ ఆర్లీన్స్‌లో 1900లో పుట్టిన జాజ్ క్లారినెట్టు కళాకారుడు జార్జ్ లూయిస్ ఓడరేవులో బరువులు మోసిన కూలీ. వీధి ఊరేగింపుల్లో వాయించినవాడు. 1940లలో రికార్డులు వచ్చాకగాని ప్రపంచం ఆయన వైపు చూడలేదు. శ్రమజీవుల వీధిలోనే ఆ సంగీతమూ పెరిగింది.

చినమౌలానాను మనం ఎలా తలుచుకుంటున్నాం? "ముస్లిం అయినా త్యాగరాజ కీర్తన వాయించాడు" అంటాం. మంచి ఉద్దేశంతోనే అంటాం. కాని ఆ "అయినా"లోనే అన్యాయం ఉంది. గుడి ముందు నాదస్వరం ఆయన ఇంటి వృత్తి. ఒకరి సొత్తును అరువు తెచ్చుకోలేదు. మతసామరస్యానికి ఉదాహరణగా నిలబెట్టి, తోడిని ఎలా విస్తరించాడో వినకుండా వదిలేస్తే, అది గౌరవం కాదు. కవిని కులం పేరుతో మెచ్చుకొని పద్యం చదవకుండా పక్కనపెట్టే విమర్శ మన సాహిత్యంలోనూ ఉంది. నేనూ ఒకప్పుడు అలాంటి వ్యాసాలు రాశాను. అభ్యుదయ విమర్శ పుట్టుకను చూడాలి. కాని శిల్పాన్ని తప్పించుకోవడానికి దాన్ని వాడుకోకూడదు. ఆ శిల్పం ఏ శ్రమలోంచి వచ్చిందో చెప్పినప్పుడే రెండూ కలుస్తాయి.

శ్రీరంగంలో ఆయన నెలకొల్పిన శారదా నాదస్వర సంగీతాశ్రమంలో శిక్షణ పొందిన కాలీషాబీ, మహబూబ్ సుభానీ దంపతులకు 2020లో పద్మశ్రీ వచ్చింది. ఒక స్త్రీ ఈ వాద్యం పట్టడం చిన్న సంగతి కాదు. వాళ్ల గురించి రాసేవారైనా మొదట వాళ్ల వాద్యం వినాలని నా కోరిక.

బరాత్ మా వీధి మలుపు తిరిగింది. మేళం కనుమరుగైనా క్లారినెట్టు వినిపిస్తూనే ఉంది. మిత్రుడితో, "మోత అయితే ఇంత దూరం నిలవదండీ" అన్నాను.