రెండు ఊళ్ల కత్వ, రెండు రాష్ట్రాల ఆనకట్ట: మరమ్మతు ఖర్చు పంచుకునే ముందు తేల్చుకోవాల్సిన సంగతులు

ఒకే చెరువు కింద, ఒకే కత్వ కింద రెండు మూడు ఊళ్ల పొలాలు పారడం కుల్కచర్ల, పరిగి, తాండూరు వైపు రైతులకు కొత్త కాదు. తూము పగిలినా, కట్టకు బుంగ పడినా, మత్తడి కోసుకుపోయినా మొదట వచ్చే పంచాయితీ ఒకటే: ఏ ఊరు ఎంత వేసుకోవాలి? నిజానికి డబ్బు లెక్క ఒక్క పూటలో తేలుతుంది. డబ్బు కట్టిన తర్వాత మన వంతు నీరు మన మడిదాకా వస్తుందా అన్నది మాత్రం చాలాచోట్ల తేలకుండానే మిగిలిపోతుంది. ఖర్చులో వాటా, నీటిలో వాటా రెండూ ఒకటి కావు. ఈ తేడా పట్టించుకోకపోతే ఏమవుతుందో చెప్పడానికి మనకు దక్షిణాన, ఉమ్మడి పాలమూరు జిల్లా చివరన ఉన్న ఆర్డీఎస్ కాలువను మించిన ఉదాహరణ లేదు.

ఆర్డీఎస్: ఆనకట్ట అక్కడ, ఆయకట్టు ఇక్కడ

ఆర్డీఎస్ అంటే రాజోలిబండ మళ్లింపు పథకం. తుంగభద్ర నదిపై కర్ణాటకలోని రాయచూరు జిల్లాలో ఆనకట్ట ఉంది. దాని ఎడమ కాలువ పొడవు 143 కిలోమీటర్లు. మొదటి 43 కిలోమీటర్ల దాకా కర్ణాటకలోనే పారి, ఆ తర్వాత మన గద్వాల, అలంపూర్ ప్రాంతంలోకి వస్తుంది. కృష్ణా ట్రిబ్యునల్ కేటాయింపుల ప్రకారం కర్ణాటక వాటా 1.2 టీఎంసీలు, తెలంగాణ వాటా 15.9 టీఎంసీలు. ఆయకట్టు కర్ణాటకలో 5,879 ఎకరాలైతే, మన వైపు 87,500 ఎకరాలు.

చూడండి, నూటికి 93 పాళ్ల నీరు మనది. కానీ ఆనకట్ట, తూములు, కాలువ తల భాగం అన్నీ పక్క రాష్ట్రం చేతిలో ఉన్నాయి. కాలువ పైభాగం పూడినా, గట్టు తెగినా నష్టం చివరి రైతుకే. బాగుచేయాల్సింది మాత్రం అక్కడి ఇంజనీర్లు. అందుకే ఆధునికీకరణ మాట వచ్చినప్పుడు అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం తన వాటా సొమ్మును కర్ణాటకకు జమ చేసింది. కాలువ పనులు కొన్ని జరిగాయి. ఆనకట్ట ఎత్తును సుమారు అర అడుగు పెంచే పని దగ్గరకు వచ్చేసరికి చిక్కు పడింది. కింద సుంకేశుల దగ్గర కేసీ కాలువకు నీరు తగ్గుతుందని కర్నూలు వైపు రైతులు అడ్డుచెప్పారు. డబ్బు కట్టినా పని ఆగింది.

ఇందులో ఎవరిది తప్పు అని తేల్చడం ఈ వ్యాసం పని కాదు. కర్నూలు రైతుకు కూడా పొలమే ఆధారం. ఖర్చు పంచుకునే ఒప్పందంలో డబ్బు కట్టే రెండు పక్షాలే కూర్చున్నాయి. ఆ పని వల్ల నీరు తగ్గుతుందని భయపడే మూడో పక్షాన్ని ముందే కూర్చోబెట్టి ఒప్పించలేదు. రైతులు గమనించాల్సింది ఇదే.

ఎకరానికి ఎంత తగ్గిందో లెక్క

ఒక టీఎంసీ నీరు అంటే సుమారు 23,000 ఎకరాల్లో ఒక అడుగు లోతున నిలబడే నీరు. 15.9 టీఎంసీలను 87,500 ఎకరాలకు పంచితే ఎకరానికి నాలుగు అడుగుల పైచిలుకు వస్తుంది. దారి నష్టం పోయినా ఒక పంటకు సరిపెట్టుకోవచ్చు. అదే 6 టీఎంసీలే వచ్చాయనుకోండి, ఎకరానికి ఒకటిన్నర అడుగు. దాంతో వరి పండదు. కాలువ మొదట్లో ఉన్నవాళ్లు వరి వేస్తే చివరి వాళ్లకు ఆరుతడి పంటకూ నీరు మిగలదు. అలంపూర్ వైపు చివరి ఊళ్లకు ఏళ్ల తరబడి జరిగింది ఇదే.

ఆ లోటు పూడ్చడానికి తెలంగాణ ప్రభుత్వం సొంతంగా తుమ్మిళ్ల ఎత్తిపోతల పథకం చేపట్టింది. రూ.783 కోట్ల అంచనాతో మొదలై, 2018లో మోటార్లు నడిచాయి. తుంగభద్ర నీటిని ఎత్తి ఆర్డీఎస్ కాలువలోనే పోసి 55,600 ఎకరాలకు అందించాలన్నది లక్ష్యం. వాలు మీద తనంతట తాను పారాల్సిన నీటికి కరెంటు బిల్లు కట్టాల్సి రావడం, పంపకం సరిగా కుదరకపోవడానికి చెల్లించిన ధర.

తుంగభద్ర బోర్డు: ఉమ్మడి పెత్తనం ఉన్నా సరిపోదు

ఆర్డీఎస్‌కు ఎగువన హోస్పేట దగ్గర ఉన్న తుంగభద్ర డ్యాం సంగతి వేరు. అక్కడ 1953 నుంచి ఉమ్మడి బోర్డు ఉంది. ఖర్చును రాష్ట్రాలు భరిస్తాయి, సిబ్బంది కూడా రాష్ట్రాల నుంచే వస్తారు. నీరు ఎవరికి ఎంత వదలాలో బోర్డు చూస్తుంది. గేట్లు ఒక్కరి చేతిలో లేకపోవడం మంచి ఏర్పాటే. అయినా 2024 ఆగస్టు 10 రాత్రి 19వ గేటు గొలుసు తెగి గేటు కొట్టుకుపోయింది. డ్యాం దాదాపు నిండి ఉన్న సమయం అది. తాత్కాలిక గేటు దించేదాకా దాదాపు వారం పాటు నీరు నదిలోకి పోయింది. అన్ని కాలువల కింద రైతులూ పంట మధ్యలో గుండె చేత పట్టుకుని కూర్చున్నారు.

కట్టేటప్పుడు పంచుకున్న ఖర్చు కన్నా, ఏటేటా గేట్లకు గ్రీజు పెట్టి, గొలుసులు, రబ్బరు సీళ్లు చూసి మార్చే ఖర్చు ముఖ్యం. 2021 డ్యాం భద్రత చట్టం పెద్ద డ్యాంల యజమానులు నిర్వహణకు నిధులు విడిగా ఉంచాలని, వానాకాలానికి ముందు, తర్వాత తనిఖీ చేయించాలని చెబుతోంది. మన కత్వకు, చెరువుకు ఆ చట్టం వర్తించదు. పద్ధతి మాత్రం అక్కరకొస్తుంది.

మన దగ్గర ఎలా పంచుకోవాలి

కట్ట, తూము, మత్తడి అందరి నీటినీ ఆపేవి. వాటి ఖర్చును ఆయకట్టు ఎకరాల లెక్కన పంచుకోవాలి. ఉదాహరణకు 120 ఎకరాల ఆయకట్టులో ఒక ఊరివి 70, మరో ఊరివి 50 ఎకరాలు అనుకుందాం. రూ.3 లక్షల పని అయితే మొదటి ఊరు రూ.1,75,000, రెండో ఊరు రూ.1,25,000. కాలువ ఖర్చును ఇలా పంచకూడదు. కాలువ మొదటి భాగం అందరికీ పనికొస్తుంది కాబట్టి అందరూ కట్టాలి. ఒక తూము దాటిన తర్వాతి భాగానికి దాని కింద పారే వాళ్లు మాత్రమే కట్టాలి. చివరి పొలాలకు నీరు అందని ఏడు వాళ్ల నిర్వహణ చందాలో సగం తగ్గించాలని ముందే రాసుకుంటే, నీరు చివరిదాకా పంపే బాధ్యత పైవాళ్లకూ పడుతుంది.

పట్టణం కూడా అదే నీటిని వాడుకునే చోట ఎకరాల లెక్క కుదరదు. తాండూరు పట్టణం తాగునీటికి కాగ్నా నదిని నమ్ముకున్నదే. అలాంటి చోట నీటి పరిమాణాన్ని బట్టి చూడాలి. ఎకరం వరికి నాలుగు అడుగుల నీరంటే సుమారు 49 లక్షల లీటర్లు. మనిషికి రోజుకు 135 లీటర్ల చొప్పున అది వంద మందికి ఏడాది నీరు. అంటే పదివేల మంది వాడుకునేది వంద ఎకరాల వరికి సమానం. తాగునీటికి మొదటి హక్కు ఉంటుంది, దాన్ని కాదనలేం. కానీ హక్కు ముందున్నవాళ్లు ఖర్చులోనూ ముందుండాలని రైతులు అడగడంలో తప్పులేదు. మున్సిపాలిటీ వాటాను మాటమీద వదిలేయకుండా కాగితం మీద పెట్టించుకోవాలి.

మత్తడి జోలికి వెళ్లే ముందు

మత్తడిని అర అడుగు లేపితే చెరువులో ఎక్కువ నీరు నిలుస్తుందని చాలామంది ఇసుక బస్తాలు పేరుస్తుంటారు. ఎగువన శిఖం పక్క పొలాలు మునుగుతాయి, కింది చెరువు ఆలస్యంగా నిండుతుంది, పెద్ద వాన పడితే కట్టకే ప్రమాదం. ఆర్డీఎస్‌లో పని ఆగింది కూడా అర అడుగు దగ్గరే. కాబట్టి కట్ట, తూము, మత్తడి ఎత్తు మార్చే ఏ పనైనా ఇరిగేషన్ ఏఈ కొలతలు తీసి రాతపూర్వకంగా ఒప్పుకున్నాకే చేయాలి. ఎగువ, దిగువ ఊళ్ల గ్రామసభల్లోనూ తీర్మానం చేయించండి. ఒక్క ఊరి తీర్మానం చాలదు.

ఒప్పందంలో తూము తాళం ఎవరి దగ్గర ఉంటుందో, నీరటికి జీతం ఎవరిస్తారో, ఏ రోజుల్లో ఏ ఊరికి నీరో రాసుకోవాలి. తూము దగ్గర అడుగులు, అంగుళాలు గీసిన కొలబద్ద రాయి పాతితే సగం తగాదాలు తగ్గుతాయి. నీరు ఎంత ఉందో అందరికీ కనబడుతుంది కదా. చందాలకు రెండు ఊళ్ల వాళ్ల సంతకాలు కలిస్తేనే తీయగలిగే బ్యాంకు ఖాతా పెట్టండి. మొత్తం పనికే ఖర్చుపెట్టకుండా పదో వంతైనా వచ్చే ఏటి నిర్వహణకు ఉంచుకోండి.

పంట సంగతి కూడా అప్పుడే మాట్లాడుకోవాలి. వానాకాలం చివర కొలబద్ద చూసి, నీరు సగమే ఉంటే యాసంగిలో పై పొలాలకు కూడా వరి వద్దని, వేరుశనగ, శనగ, కూరగాయల వంటి ఆరుతడి పంటలే అని రెండు ఊళ్లూ ఒకే మాట మీద ఉండాలి. కంది వేసిన చోట పూత, కాయ దశల్లో ఒకటి రెండు తడులు దొరికినా దిగుబడిలో తేడా కనిపిస్తుంది. తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చాక మంచి పేరుంది కూడా.

పూడికతీత, కాలువల్లో జమ్ము, తుమ్మ చెట్ల తొలగింపు వంటి పనులను ఉపాధి పనుల్లో పెట్టించవచ్చు. వాటికి చందా వేసుకోనక్కర్లేదు. తూము, మత్తడి వంటి సిమెంటు పనులకు అంచనా వేయమని యాసంగి కోతలకు ముందే ఏఈకి అర్జీ ఇచ్చి నకలు మీద ముద్ర వేయించుకోండి. చెరువు అడుగంటే ఏప్రిల్, మే నెలల్లో పని మొదలైతేనే జూన్ వానలకు సిమెంటు ఆరి గట్టిపడుతుంది.